బడి లైబ్రేరియన్ కావాలంటే ఏం చదవాలి?

(ఆగస్టు 12, లైబ్రేరియన్ల దినోత్సవం సందర్భంగా డిగ్రీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, చోటు చాలక గోడల వెంట నిలబడి వింటున్న విద్యార్థులందరికీ నమస్కారం.

భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ గారి జయంతి పేరిట ఈ రోజును జరుపుకుంటున్నాం. మామూలుగా అయితే ఆయన పటానికి దండ వేసి, పుస్తకం గొప్పతనం మీద నాలుగు మంచి మాటలు చెప్పి ముగిస్తాం. మీ ప్రిన్సిపాల్ గారు ఈసారి అలా వద్దన్నారు. "మా విద్యార్థుల్లో కొందరికి బడుల్లో లైబ్రేరియన్‌గా పనిచేయాలని ఉంది. ఏ కోర్సులో చేరాలో, ఎక్కడ చేరాలో తెలియక తికమకపడుతున్నారు. ఆ సంగతి విడమరచి చెప్పండి" అన్నారు. రంగనాథన్ గారి పేరు మీద చేయదగ్గ పని ఇంతకన్నా ఏముంటుంది? అందుకే సంతోషంగా వచ్చాను.

మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. బి.లిబ్., అంటే గ్రంథాలయ శాస్త్రంలో బ్యాచిలర్ డిగ్రీ, ఎక్కడ చేస్తే మంచిది? తప్పు ప్రశ్న అనను. కానీ దానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి అడగాల్సినవి ఉన్నాయి. ఈ కోర్సు చేసి నేను ఏ బడి తలుపు తట్టబోతున్నాను? ఇది ముందు అడగాల్సింది. ఈ కోర్సులో చెప్పనిది ఏమిటి, దాన్ని నేనెక్కడ సంపాదించుకోవాలి? ఇది తర్వాత అడగాల్సింది. నా దృష్టిలో బడి లైబ్రేరియన్‌ను తయారుచేసేది ఈ మూడో ప్రశ్నే. కోర్సు పట్టా మిమ్మల్ని పరీక్ష హాలు దాకా తీసుకువెళ్తుంది. పిల్లల ముందు నిలబడ్డాక మీ చేతిలో ఉండాల్సినది మాత్రం వేరే.

ముందుగా ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని షెడ్యూలులో ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలని, అందులో వార్తాపత్రికలు, మాసపత్రికలు, అన్ని విషయాల పుస్తకాలు, కథల పుస్తకాలు ఉండాలని రాశారు. చదివితే కడుపు నిండినట్టే ఉంటుంది. అదే షెడ్యూలులో ఎంతమంది పిల్లలకు ఎంతమంది ఉపాధ్యాయులుండాలో లెక్క ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటితే చిత్రలేఖనానికి, వ్యాయామానికి, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులుండాలని ఉంది. లైబ్రేరియన్ అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. గ్రంథాలయం ఉండాలి, దాన్ని నడిపే మనిషి గురించి ప్రస్తావనే లేదు. ఈ వెలితి ఫలితాన్ని మీరంతా మీ మీ ఊళ్లలో చూసే ఉంటారు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఎక్కువ చోట్ల గ్రంథాలయం అంటే ఒక బీరువా. దాని తాళంచెవి ఎవరో ఒక ఉపాధ్యాయుడి దగ్గర ఉంటుంది. ఆయనకు తన పాఠాలున్నాయి, మూల్యాంకనం ఉంది, మధ్యాహ్న భోజనం లెక్కలున్నాయి. పుస్తకం పోతే తన జేబులోంచి కట్టాల్సి వస్తుందన్న భయం కూడా ఉంది. తాళం తెరుచుకోదు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. బడుల కోసం కేంద్రం నడిపే సమగ్ర శిక్ష పథకం కింద బడి స్థాయిని బట్టి ఏటా 5 వేల రూపాయల నుంచి 20 వేల దాకా గ్రంథాలయ నిధి వస్తుంది. పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. వాటిని పిల్లల చేతికి అందించే మనిషే రావడం లేదు. ఈ కొలువు ప్రతి ఉన్నత పాఠశాలలోనూ ఉండి తీరాలని నేను నమ్ముతాను, సభ దొరికిన ప్రతిచోటా చెబుతాను. మీరు కూడా ఈ రంగంలోకి వచ్చాక అడుగుతూనే ఉండాలి.

అయితే పోస్టులు బొత్తిగా లేవా అంటే, ఉన్నాయి. కేంద్రీయ విద్యాలయాల్లో లైబ్రేరియన్ పోస్టు ఉంది. జీతం ఏడో లెవెల్, అంటే మూలవేతనం 44,900 రూపాయలతో మొదలు. అక్కడి శిక్షిత గ్రాడ్యుయేట్ టీచర్లకు ఇచ్చే స్థాయే ఇది. 2022 చివర్లో వచ్చిన ప్రకటనలో 355 లైబ్రేరియన్ ఖాళీలు చూపించారు. జవహర్ నవోదయ విద్యాలయాల్లో ఉంది. గిరిజన పిల్లల కోసం నడిచే ఏకలవ్య ఆదర్శ గురుకులాల్లో ఉంది. తెలంగాణలో గురుకులాల నియామక బోర్డు 2023లో ఒకే విడతలో పాఠశాలలకు 434 మంది లైబ్రేరియన్లు కావాలని ప్రకటించింది. సీబీఎస్‌ఈ అనుబంధం కావాలనుకునే ప్రైవేటు బడి గ్రంథాలయానికి కనీసం 14 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల గది చూపించాలి. అంత గది కట్టాక దాన్ని చూసుకునే మనిషి కావాలి కదా. సైనిక పాఠశాలలు, ఆర్మీ పబ్లిక్ స్కూళ్లు కూడా ఉన్నాయి. ఇవన్నీ ఏటా రావు. ఒక విడతకూ మరో విడతకూ మధ్య నాలుగైదేళ్లు గడిచిన సందర్భాలున్నాయి. వయోపరిమితి మాత్రం మన కోసం ఆగదు. కాబట్టి ప్రకటన వచ్చాక కోర్సులో చేరదామని కూర్చోవద్దు. పట్టా చేతిలో ఉంటేనే ప్రకటన వచ్చిన రోజున పనికొస్తుంది.

ఇక ఏ అర్హత అడుగుతారు? కేంద్రీయ విద్యాలయాలను తీసుకుందాం. గ్రంథాలయ శాస్త్రంలో బ్యాచిలర్ డిగ్రీ ఉండాలి, లేకపోతే ఏదైనా డిగ్రీ చేసి ఆపై గుర్తింపు పొందిన సంస్థ నుంచి గ్రంథాలయ శాస్త్రంలో ఏడాది డిప్లొమా ఉండాలి. హిందీ, ఇంగ్లీషు పని నడిపేంతగా రావాలి. కంప్యూటర్ తెలిసి ఉంటే మంచిది. నవోదయలదీ దాదాపు ఇదే దారి. అంటే మూడేళ్ల డిగ్రీ, ఆపై ఏడాది బి.ఎల్.ఐ.ఎస్‌సి. మనం వాడుకలో బి.లిబ్. అంటున్నది దాన్నే. బడి కొలువుకు ఇంతవరకు చాలు. ఆపై మాస్టర్స్ డిగ్రీ ఎం.లిబ్. అక్కరలేదు, జాతీయ అర్హత పరీక్ష నెట్ అక్కరలేదు. అవి కళాశాలల వైపు వెళ్లేవారికి. ఈ తేడా తెలియక నెట్ కోసం ఏళ్ల తరబడి చదువుతూ, ఈలోగా బడుల ప్రకటనలను చూసీ చూడనట్టు వదిలేసినవారు నాకు తెలుసు.

హిందీ మాట అన్నాను కాబట్టి ఒక్క నిమిషం. మన తెలుగు పిల్లలు చాలామంది కేంద్రీయ విద్యాలయాల కొలువును హిందీ భయంతోనే వదులుకుంటున్నారు. వాళ్లు అడిగేది సాహిత్య పాండిత్యం కాదు. హిందీ పుస్తకం అట్ట చదివి, రచయిత పేరు, ప్రచురణకర్త పేరు పట్టుకుని రిజిస్టర్‌లో ఎక్కించగలగాలి, పిల్లవాడు హిందీలో అడిగితే జవాబు చెప్పగలగాలి. పదో తరగతి దాకా చదివిన హిందీని ఆరు నెలలు రోజూ అరగంట దులిపితే వచ్చేస్తుంది.

మొదటి డిగ్రీ ఏది చేయాలి? మీలో కొందరు ఇంకా మొదటి సంవత్సరంలోనే ఉన్నారు కాబట్టి ఈ ప్రశ్న వచ్చింది. నియమాల ప్రకారం ఏదైనా ఫరవాలేదు. బి.ఏ., బి.కాం., బి.ఎస్‌సి. ఏది చేసినా బి.లిబ్.లో చేరవచ్చు. చాలా చోట్ల 50 శాతం మార్కులు అడుగుతారు, కాబట్టి డిగ్రీని నిర్లక్ష్యం చేయవద్దు. రంగనాథన్ గారు గణితం మనిషి. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో లెక్కలు చెప్పేవారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్‌గా వెళ్లి, ఆ నిశ్శబ్దం, ఆ ఖాళీ భరించలేక, తిరిగి పాఠాలు చెప్పుకుంటానని కళాశాలకు వచ్చారు. ముందు లండన్ వెళ్లి ఆ చదువేదో చూసి రండి, అప్పటికీ నచ్చకపోతే చూద్దాం అన్నారట అక్కడివాళ్లు. వెళ్లారు. ఆ తర్వాత ఆయన గ్రంథాలయాన్ని వదల్లేదు. కానీ లెక్కలనూ వదల్లేదు. ఆయన 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణ చూడండి. ఒక విషయాన్ని ముఖాలుగా విడగొట్టి, గుర్తులతో మళ్లీ కలిపే ఆ పద్ధతిలో గణితం చదివిన బుర్ర స్పష్టంగా కనిపిస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే. మీ మొదటి డిగ్రీ గ్రంథాలయంలోకి మీరు తెచ్చుకునే పెట్టుబడి. లైబ్రేరియన్ అవుతాను కదా అని ఇష్టం లేని సాహిత్యం తీసుకోవద్దు. మన బడి గ్రంథాలయాల్లో జీవశాస్త్రం, ఖగోళం, యంత్రాల పుస్తకాలు నలగకుండా ఉండిపోవడానికి ఒక కారణం, వాటి గురించి పిల్లలతో నోరారా మాట్లాడగలిగిన లైబ్రేరియన్లు తక్కువ కావడమే. బి.ఎస్‌సి. చేసినవాళ్లు ఈ వైపు వస్తే నాకు మరీ సంతోషం.

బి.ఎడ్. కూడా చేయాలా అని అడుగుతుంటారు. కేంద్రీయ విద్యాలయాల లైబ్రేరియన్ కొలువుకు బి.ఎడ్. అడగరు. ఉపాధ్యాయ వృత్తి మీద కూడా మనసుంటే చేయండి. 'ఉంటే మంచిది కదా' అని రెండేళ్లు, ఫీజులు ఖర్చుపెట్టడం నాకు సమ్మతం కాదు.

ఇప్పుడు అసలు ఏడాది దగ్గరికి వద్దాం. బి.లిబ్.లో ఏముంటుంది? గ్రంథాలయం, సమాజం అన్న పేపరు ఒకటి. నిర్వహణ ఒకటి. పుస్తకాలను విషయాల వారీగా విడదీసే వర్గీకరణ, వాటి వివరాలతో జాబితా తయారుచేసే సూచీకరణ, ఈ రెండింటికీ సిద్ధాంతం వేరు, ప్రాక్టికల్ వేరు. రిఫరెన్సు సేవలు, సమాచార మూలాలు. కంప్యూటర్ వినియోగం. పేర్లు కొద్దిగా అటూఇటూ ఉన్నా ఎక్కడైనా అస్థిపంజరం ఇదే. వీటిలో వర్గీకరణ, సూచీకరణ ప్రాక్టికల్స్‌ను చాలామంది బట్టీపట్టి గట్టెక్కుతారు. బడిలో పనిచేయాలనుకునేవారికి అది పెద్ద నష్టం. ఎందుకో చూపిస్తాను.

ఆరో తరగతి పిల్లవాడు వచ్చి 'పాముల పుస్తకం కావాలండీ' అన్నాడనుకోండి. విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలు వేసే డ్యూయీ దశాంశ పద్ధతిలో పాములు 597.96లో ఉంటాయి. జంతుశాస్త్రం అది. కానీ వాడికి కావాల్సింది ఎవరో చెప్పిన నాగకన్య కథ అయితే 398.2కు వెళ్లాలి, జానపద కథలు అక్కడ. నిన్న వాళ్ల పొలంలో ఎవరినో పాము కరిచిందని వాడు వచ్చి ఉంటే, విషం, చికిత్స గురించి వెతుక్కోవాల్సింది 600ల్లో, వైద్యం దగ్గర. మాట ఒకటే, అరలు మూడు. "ఏ పాము బాబూ? ఎందుకు కావాలి?" అని ఒక్క ప్రశ్న వేసి, వాడి ముఖం చూసి, ఏ అర దగ్గరికి తీసుకెళ్లాలో క్షణంలో తేల్చుకోవాలి. అది ఆ అంకెలు చేతికి అలవాటైతేనే సాధ్యం. 894.827 అనగానే తెలుగు సాహిత్యం కళ్లముందు కదలాలి. వంద పుస్తకాలు మీ ముందు పోసి, ఒక్కొక్కదానికీ మీచేత అంకె వేయించి, ఎందుకు ఆ అంకె అని నిలదీసే గురువు దొరికిన కోర్సే మంచి కోర్సు.

సూచీకరణలో ఇంకో తమాషా ఉంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, పడమటి దేశాల వారికి చివర వస్తుంది. కోర్సులో నేర్పే నియమాలు ఎక్కువగా వాళ్లు రాసుకున్నవి. శ్రీరంగం శ్రీనివాసరావు అని శీర్షిక పెట్టి కార్డు రాసి ఊరుకుంటే మీ బడిలో ఆ పుస్తకం ఎవరికీ దొరకదు. ఏ పిల్లా ఆ పేరుతో అడగదు, శ్రీశ్రీ అనే అడుగుతుంది. అందుకే ఒక పేరు నుంచి ఇంకో పేరుకు దారి చూపే సూచికలు రాయాలి. ఇంగ్లీషు ఉదాహరణలతోనే ప్రాక్టికల్ ముగించే చోట ఈ చిక్కు మీకు ఎదురే కాదు, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఎదురవుతుంది. కాబట్టి చేరబోయే ముందు ఆ శాఖకు వెళ్లి అడగండి. ప్రాక్టికల్‌లో తెలుగు పుస్తకాలు ఇస్తారా? కోహా, ఈ-గ్రంథాలయ లాంటి గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్ మీద మా చేత నిజంగా పుస్తకాలు ఎక్కిస్తారా, లేక తెర మీద చూపించి వదిలేస్తారా? కోహా ఉచితం. న్యూజిలాండ్‌లోని ఒక గ్రంథాలయం కోసం పుట్టి ఇవాళ ప్రపంచమంతా వాడుతోంది. మన జాతీయ సమాచార కేంద్రం తయారుచేసినది ఈ-గ్రంథాలయ. ఈ రెండింటిలో ఒకటి చేతికి వచ్చి ఉంటే ఇంటర్వ్యూలో మీ మాటకు బరువు వస్తుంది.

రెగ్యులరా, దూరవిద్యా? ఇది చాలామందిని నిద్రపోనివ్వని ప్రశ్న. గ్రంథాలయ శాస్త్రం మన విశ్వవిద్యాలయాలకు కొత్త కాదు. గ్రంథాలయోద్యమ నాయకులు అయ్యంకి వెంకటరమణయ్య గారు, ఆయన తోటివారు 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సభ జరిపినప్పుడు వారి దగ్గర ఏ పట్టాలూ లేవు. ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించారు. 1935 నాటికి విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయ శాస్త్రంలో కోర్సు మొదలుపెట్టింది. దేశంలో ఈ చదువును ముందుగా అందుకున్న విశ్వవిద్యాలయాల్లో అది ఒకటి. తర్వాత ఉస్మానియా, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, ఇలా విస్తరించింది. దూరవిద్యలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది, ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో ఉంది. ఇగ్నోలో బి.ఎల్.ఐ.ఎస్‌సి.ని కనీసం ఏడాదిలో, గరిష్ఠంగా రెండేళ్లలో పూర్తిచేయవచ్చు.

నా అభిప్రాయం అడిగితే, ఇంటి పరిస్థితి అనుమతిస్తే రెగ్యులర్‌లో చేరండి. ఈ చదువు సగం చేతిపని. పక్కన కూర్చుని తప్పు చూపించేవారు ఉండాలి. అలాగని దూరవిద్యను చిన్నచూపు చూడను. పెళ్లై, పిల్లలున్న ఆడపిల్లలు, పగలు ఉద్యోగం చేసుకుంటున్నవారు ఎంతోమంది ఆ దారిలోనే వచ్చి, గురుకులాల్లో చక్కగా పనిచేస్తున్నారు. గుర్తింపు ఉన్న దూరవిద్య పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమని విశ్వవిద్యాలయ నిధుల సంఘం యూజీసీ స్పష్టంగానే చెప్పింది. మెలిక అంతా 'గుర్తింపు' దగ్గరే. మీరు చేరబోయే విశ్వవిద్యాలయానికి, అదీ మీరు చేరే ఆ సంవత్సరానికి, ఆ కోర్సుకే యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో స్వయంగా చూడండి. విశ్వవిద్యాలయానికి అనుమతి ఉండి, ఈ కోర్సుకు లేకపోవచ్చు. పోయినేడు ఉండి ఈ ఏడు లేకపోవచ్చు. 2024 నుంచి దూరవిద్యలో చేరే ప్రతి విద్యార్థీ డెబ్ ఐడీ అనే గుర్తింపు సంఖ్యను తానే సృష్టించుకోవాలి. ఆ సంఖ్య అడగకుండా చేర్చుకుంటామంటే అనుమానించండి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ రాష్ట్రం దాటి అధ్యయన కేంద్రాలు పెట్టకూడదు. ఎక్కడో ఉత్తరాది విశ్వవిద్యాలయం పేరు చెప్పి మీ ఊరి బస్టాండు పక్కన గది తీసుకుని, 'తరగతులు అక్కరలేదు, పరీక్షకు మేం చూసుకుంటాం, పాత సంవత్సరం తేదీతో పట్టా ఇప్పిస్తాం' అనేవాళ్లు ఉన్నారు. నా దగ్గరికి ఒక అమ్మాయి అలాంటి పట్టాతోనే వచ్చింది. రాతపరీక్షలో మంచి మార్కులు వచ్చాయి. ధ్రువపత్రాల పరిశీలనలో ఆ కాగితం చెల్లదన్నారు. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. పోగొట్టుకున్న డబ్బు సరే, పోగొట్టుకున్న ఆ పోస్టు మళ్లీ రాలేదు. దయచేసి ఆ వైపు చూడవద్దు.

దూరవిద్యలో చేరినవారు ఒక పని తప్పక చేయాలి. మీ ఊళ్లోనో, మండల కేంద్రంలోనో ఉన్న శాఖా గ్రంథాలయానికి వెళ్లి, అక్కడి గ్రంథపాలకుడిని బతిమాలి అయినా సరే, వారానికి రెండు పూటలు పనిచేయండి. కొత్త పుస్తకానికి యాక్సెషన్ నంబరు, అంటే రిజిస్టర్‌లో దాని వరుస సంఖ్య, ఎలా వేయాలో, ముద్ర ఎక్కడెక్కడ కొట్టాలో, వెన్ను మీద చీటీ ఎంత ఎత్తులో అంటించాలో, ఏడాది చివర స్టాక్ ఎలా లెక్కపెడతారో, ఇవి పాఠ్యపుస్తకం చదివితే రావు.

మూడో ప్రశ్న ఇప్పుడు. బి.లిబ్.లో లేనిది ఏమిటి? నేను చూసిన సిలబస్‌లలో బడి గ్రంథాలయానికి ఒక యూనిట్, మహా అయితే రెండు ఉంటాయి. పిల్లల సాహిత్యం దాదాపు లేదు. ఒక పిల్లకు పుస్తకం ఎలా చదివి వినిపించాలి, ఎనిమిదేళ్ల పిల్లవాడికీ పదమూడేళ్ల పిల్లవాడికీ తేడా ఏమిటి, చదవడం రాని పిల్లను నలుగురిలో సిగ్గుపడనివ్వకుండా ఎలా పట్టుకోవాలి, ఇవేవీ పరీక్షలో రావు. కోర్సు కళాశాల గ్రంథాలయాన్ని, పరిశోధన గ్రంథాలయాన్ని మనసులో పెట్టుకుని తయారైంది. వాళ్లను అని లాభం లేదు, అన్ని రకాల గ్రంథాలయాలకూ ఒకే ఏడాదిలో మనుషులను తయారుచేయాలి మరి.

నేను గురుకులంలో పనిచేసినప్పుడు ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. లైబ్రరీ పీరియడ్‌లో ఎప్పుడూ అల్లరి చేయదు, బుద్ధిగా పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటుంది. ఇష్యూ రిజిస్టర్ తిరగేస్తుంటే ఒక సంగతి కంటపడింది. ఆ పిల్ల పేరు ఎదురుగా వారం వారం అదే నంబరు. నలభై పేజీలు కూడా లేని ఒకే పుస్తకాన్ని తీసుకుంటోంది, తిరిగి ఇస్తోంది, మళ్లీ అదే తీసుకుంటోంది. దగ్గర కూర్చుని చూస్తే తెలిసింది, ఆమెకు చదవడం రాదు. గుణింతాలు వచ్చు, ఒత్తులు దగ్గర ఆగిపోతుంది. అందరికీ తెలిసిపోతుందని ఆ పుస్తకం కథ ఎవరి దగ్గరో విని గుర్తుపెట్టుకుంది. కొత్తది తీసుకుంటే బయటపడిపోతుంది. నేను ఆ పిల్లతో ఏమీ అనలేదు. "అమ్మా, మూడో తరగతి పిల్లలకు కథలు చదివి వినిపించడానికి నాకు మనిషి కావాలి, శనివారం నువ్వు వస్తావా" అన్నాను. చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు, పేజీకి ఒకటి రెండు వాక్యాలున్నవి, ముందు రోజు నా దగ్గర కూర్చుని చదివి సాధన చేసేది. చిన్నపిల్లల పుస్తకం చదువుతోందని ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అది ఆమె బాధ్యత. ఏడాది తిరిగేసరికి ఆమె రిజిస్టర్ పేజీ నిండా వేరువేరు నంబర్లు. ఇష్యూ రిజిస్టర్‌ను ఎలా నింపాలో కోర్సు నేర్పుతుంది. దాన్ని ఎలా చదవాలో మీరే నేర్చుకోవాలి.

ఎలా నేర్చుకోవాలి? ముందు మీరు పిల్లల పుస్తకాలు చదవండి. నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం పేరుతో తెలుగులో కూడా వేసినవి ఉన్నాయి. సికింద్రాబాదు నుంచి మంచి పుస్తకం వారు తక్కువ ధరకు వేసేవి ఉన్నాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఫోనులోనే ఉచితంగా చదవవచ్చు, అవి చదువు స్థాయిల వారీగా విభజించి ఉంటాయి. వందల కొద్దీ చదవండి. చదివిన ప్రతిదానికీ నోటుబుక్కులో రెండు వాక్యాలు రాయండి, ఇది ఏ వయసు పిల్లకు, ఏ మనఃస్థితిలో ఉన్న పిల్లకు ఇవ్వవచ్చు అని. టాటా ట్రస్టుల పరాగ్ విభాగం బడి గ్రంథాలయాల్లో పనిచేసేవారికోసం ప్రత్యేకంగా ఒక కోర్సు నడుపుతోంది. అది ప్రభుత్వ కొలువుకు అర్హత కాదు, బి.లిబ్.కు బదులు కాదు. కానీ బి.లిబ్. వదిలేసిన భాగం అక్కడ ఉంది. హిందీలోనో ఇంగ్లీషులోనో చదవగలిగితే ఉద్యోగంలో చేరిన తర్వాతైనా దాని కోసం ప్రయత్నించండి.

రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర అయిదు సూత్రాల్లో మొదటిది మీకు పరీక్షలో తప్పకుండా వస్తుంది. పుస్తకాలు వాడడానికే. దాన్ని రాసి రెండు మార్కులు తెచ్చుకోవడం తేలిక. ఆడిట్ వచ్చినప్పుడు ఆరు పుస్తకాలు చిరిగాయి, మూడు పోయాయి, అయినా రెండు వేల పుస్తకాలు పిల్లల ఇళ్లకు వెళ్లి వచ్చాయి అని తలెత్తి చెప్పగలగడం కష్టం. ఆ ధైర్యం లేకపోతే ఎంత మంచి విశ్వవిద్యాలయంలో చదివినా మీరూ ఇంకో బీరువాకు కాపలా అవుతారు.

చీటీలు వచ్చాయి, చూస్తాను.

'ఇంటర్ తర్వాత సర్టిఫికెట్ కోర్సు చేశాను, సరిపోతుందా?' అని ఒకరు. పౌర గ్రంథాలయాల్లో కింది స్థాయి పోస్టులకు సర్టిఫికెట్‌కు విలువ ఉంది, జిల్లా గ్రంథాలయ సంస్థల ప్రకటనలు చూస్తుండండి. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలకు సరిపోదు. డిగ్రీ పూర్తిచేసి బి.లిబ్. చేయండి. సర్టిఫికెట్‌లో నేర్చుకున్నది వృథా కాదు, మీ తోటివారికన్నా ముందుంటారు.

'ఎం.లిబ్. వెంటనే చేయాలా?' ఏడాదే కాబట్టి, వసతి ఉంటే చేయండి. రేపు డిగ్రీ కళాశాల వైపు వెళ్లాలనిపిస్తే అది, నెట్ లేదా రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష సెట్ ఉండాలి. కంప్యూటర్, సమాచార శాస్త్రం లోతుగా చదవాలని ఉన్నవారు బెంగళూరులో భారత గణాంక సంస్థకు చెందిన డీఆర్‌టీసీ గురించి తెలుసుకోండి. రంగనాథన్ గారే 1962లో స్థాపించిన శిక్షణ కేంద్రం అది. రెండేళ్ల కోర్సు, ప్రవేశ పరీక్ష ఉంటుంది. కానీ బడే మీ గమ్యం అయితే, బి.లిబ్. చేతిలో పెట్టుకుని ముందు ఒక బడిలో చేరండి. ఎం.లిబ్. దూరవిద్యలో తర్వాత చేసుకోవచ్చు.

'మా అక్క అమెరికాలో ఉంది, అక్కడ బడిలో లైబ్రేరియన్‌గా చేయవచ్చా?' అక్కడ చాలా రాష్ట్రాల్లో బడి లైబ్రేరియన్‌ను ఉపాధ్యాయుల లెక్కలోనే చూస్తారు. రాష్ట్రం ఇచ్చే ధ్రువీకరణ కావాలి, చాలా చోట్ల అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఉన్న మాస్టర్స్ డిగ్రీ అడుగుతారు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నియమం. మన బి.లిబ్. ఒక్కటే చూపించి చేరడం కుదరదు. ఏ రాష్ట్రమో చెబితే ఆ విద్యాశాఖ నియమాలు చూడమని మీ అక్కకే చెప్పండి.

'ప్రైవేటు బడిలో చేరితే లైబ్రరీతో పాటు ఆఫీసు పని, బస్సు డ్యూటీ కూడా చేయిస్తున్నారు.' నిజమే, చేయిస్తున్నారు. చేరేటప్పుడే నియామక పత్రంలో లైబ్రేరియన్ అని రాయించుకోండి. అనుభవ ధ్రువపత్రం మీద కూడా అదే ఉండాలి, రేపు మరో చోట ఇంటర్వ్యూలో ఆ మాటే చూస్తారు. ప్రతి తరగతికీ వారానికి ఒక లైబ్రరీ పీరియడ్ టైమ్‌టేబుల్‌లో ఉందో లేదో మొదటి రోజే అడగండి. లేదంటే ఆ బడి మీకు గది చూపించవచ్చు కానీ పని ఇవ్వదు.

చివరి చీటీ. 'ఫలితాలు రాకముందే బి.లిబ్.కు దరఖాస్తు చేయవచ్చా?' ప్రవేశ పరీక్షలకు చివరి సంవత్సరం విద్యార్థులను రానిస్తారు, సీటు ఖరారయ్యే నాటికి మార్కుల జాబితాలు చూపించాలి. ప్రకటనలు సాధారణంగా వేసవిలోనే వస్తాయి, కాబట్టి ఫిబ్రవరి నుంచే కనిపెట్టుకుని ఉండండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఇప్పుడే తీయించి పెట్టుకోండి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆ రెండూ అడుగుతారు. నేను కొన్ని విశ్వవిద్యాలయాల సిలబస్ ప్రతులు తెచ్చాను, ఆ బల్ల మీద ఉన్నాయి. ప్రాక్టికల్‌కు ఎన్ని మార్కులు కేటాయించారో అవి పక్కపక్కన పెట్టుకుని చూడండి. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను, ఎవరికి ఏ సందేహం ఉన్నా వచ్చి అడగండి. నమస్కారం.